పాటు వేళ అడవి

కృష్ణా జిల్లాలో అడవి ఉందంటే గుడివాడలో మా క్లాసు పిల్లలెవరూ నమ్మేవాళ్లు కాదు. వాళ్లనీ అనడానికి లేదు. గుడివాడ నుంచి ఎటు బస్సెక్కినా వరిచేలే. చేలు అయిపోతే కాలువ, కాలువ దాటితే మళ్లీ చేలు. ఉయ్యూరు వైపు పోతే చెరుకు, కైకలూరు వైపు పోతే కొల్లేటి నీళ్లు. చెట్టంటే గట్టు మీద తుమ్మ, వాకిట్లో వేప, పొలిమేరలో తాడి. అడవంటే నల్లమలలో ఉండాలి, అందులో పులి తిరగాలి. వేసవి సెలవులకి హైదరాబాదు వెళ్లొచ్చిన ఒకమ్మాయి జూపార్కులో కమ్మీల కిటికీలున్న వ్యానెక్కి సింహాల మధ్య తిరిగిందట. సింహం వ్యాను పక్కనే పడుకుని ఆవులించిందట. ఆ ఆవులింత మా క్లాసుకి దసరా దాకా సరిపోయింది. నేనూ ఊరుకోలేక, మా అమ్మమ్మగారి ఊరి దగ్గర అడవిలోకి పడవ మీద వెళ్లొచ్చానన్నాను. ఏం చూశావంటే బురద అన్నాను. ఇంకా? పీత కన్నాలు. ఆ ఏడాదంతా నన్ను ‘పీతకన్నం’ అనే పిలిచారు.

అమ్మమ్మగారిది నాగాయలంక. నేను చెప్పేది 1980ల మొదటి సగం మాట. పొద్దున్నే ఎర్రబస్సెక్కితే పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, ఆ తర్వాత మోపిదేవి. అక్కడ బస్సాగితే చాలు, అమ్మ కిటికీలోంచే సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి దణ్ణం పెట్టి మా చేతా పెట్టించేది. ఆ పుట్టలో స్వామికి మొక్కుకున్నాకే మా అన్నయ్య పుట్టాడని ఆవిడ నమ్మకం. తర్వాత పులిగడ్డ అక్విడెక్టు. కింద నది, పైన కాలువ. నీళ్ల మీంచి నీళ్లు నడిచిపోవడం ఎన్నిసార్లు చూసినా నాకు వింతే. అది దాటితే దివిసీమ. రెండు పక్కలా కృష్ణ పాయలు, మూడో పక్క సముద్రం. అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక చేరేసరికి భోజనాల వేళ దాటిపోయేది. అమ్మమ్మ మాకోసం తీసి ఉంచిన ఎండుచేప వేపుడు, పప్పుచారు చల్లారిపోయి ఉండేవి. అలా చల్లారితేనే బావుంటుందని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆ ఇంట్లో రాత్రిళ్లు నక్కలవి. చీకటి పడ్డాక ఏటి వైపు నుంచి ఒకటి ఎత్తుకునేది, పొలాల్లోంచి ఇంకోటి అందుకునేది. గుడివాడలో రైళ్ల కూతలకి అలవాటు పడ్డ పిల్లలం, దుప్పట్లు ముసుగులు పెట్టేవాళ్లం. “కూస్తే భయమేంటే? కూయకపోతే భయపడాలి గానీ” అనేది అమ్మమ్మ. ఉప్పెన పోయాక చాన్నాళ్లు ఆ వైపు నక్క కూత లేదట. నక్కే కాదు, కుక్క లేదు, కాకి లేదు, తెల్లారితే పిట్ట కూసింది లేదట.

1977 నవంబరు 19, శనివారం. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఊళ్లే కొట్టుకుపోయాయి. నాకు అప్పటికి నాలుగేళ్లు. గుడివాడలో మా పెంకుటింటి కప్పు ఎగిరిందని చెప్తారు గానీ నాకు గుర్తు లేదు. అమ్మమ్మకు గుర్తున్నది ఆవిడ కథలా చెప్పేది కాదు. బియ్యం ఏరుతూనో, చేప తోముతూనో ఒక ముక్క అనేది, మళ్లీ పనిలో పడేది. ఎవరి ముంత ఏ చెట్టుకు చిక్కిందో, ఏ ఇంటి పసిపిల్ల దూలానికి కట్టిన చీర ఉయ్యాలలోనే ఎలా బతికి దొరికిందో, అలాంటివి. తీరం వెంట ఉండే మడ అడవి మాట మాత్రం మళ్లీ మళ్లీ వచ్చేది. మడ మందంగా ఉన్నచోట అల విరిగింది, వంటచెరుకుకీ పొలాలకీ నరికి పల్చన చేసుకున్నచోట నేరుగా ఊళ్లోకొచ్చింది అనేది. చదువుకున్నవాళ్లు ఈ మాట కొలతలతో రాయడం తర్వాత చూశాను. నేను మొదట విన్నది మాత్రం చేప పొలుసుల మధ్య.

అందుకని ఆ అడవి మీద మా ఇంట్లో ఒక గౌరవం ఉండేది. ప్రేమ అని అనను. అది నీళ్లలో ఉంటుంది, ముళ్లు, పాములు, ఒళ్లంతా బురద. ఆడపిల్లని అక్కడికి తీసుకెళ్లడమేమిటని అమ్మమ్మ గోల. మావయ్య లంకల్లో పీతలు, రొయ్యలు కొని బందరుకు పంపే వ్యాపారం చేసేవాడు. ఏటిమొగ రేవులో పడవెక్కి ఎదురుమొండి వైపు పోయి, పట్టినవాళ్ల దగ్గర సరుకు తూచి తెచ్చేవాడు. సెలవుల్లో ఇల్లు పీకి పందిరేస్తున్నాననే వంకతో నన్ను కూడా ఎక్కించుకునేవాడు. నా అరణ్యయాత్రలన్నీ పీతల బుట్టల మధ్య కూర్చుని చేసినవే.

పడవలో గెడ వేసే మనిషి ఒక యానాది. వయసులో అమ్మమ్మ కన్నా పెద్ద. మా ఇంట్లో పిల్లలతో సహా అందరూ అతన్ని పేరుపెట్టి ‘ఒరే’ అనేవాళ్లు. అతను నన్ను ‘అమ్మాయిగారూ’ అనేవాడు. ఒకసారి వాకిట్లో తాతా అన్నందుకు అమ్మమ్మ కళ్లెర్రజేసింది. పడవ రేవు వదిలాక మాత్రం తాతా అనే పిలిచేదాన్ని. మావయ్య విననట్టు ఉండేవాడు. రేవు వదలడానికి ముందు తాత నీళ్లు చేతిలోకి తీసుకుని గంగమ్మకని మళ్లీ ఏట్లోకి వదిలేవాడు. అంతే. పెద్ద పడవలవాళ్లు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లు. అతని దగ్గర అంత సరంజామా ఉండేది కాదు.

అడవిలోకి పోవడానికి అక్కడ గడియారం చూడరు. పోటా, పాటా అని అడుగుతారు. పోటు మీద సముద్రం పాయల్లోకి ఎక్కుతుంది, మడచెట్లు మొలబంటి నీళ్లలో నిలబడతాయి, పడవ ఆకుల్లోంచి దూసుకుపోతుంది. అప్పుడు చూస్తే అంతా పచ్చగా, ఒకేలా, చెప్పాలంటే కాస్త విసుగ్గా ఉంటుంది. పాటు మొదలైతేనే అడవి బయటపడేది. నీరు తీస్తున్నకొద్దీ గట్లు, గట్ల కింద వేళ్లు, వేళ్ల కింద బురద. మడచెట్టు చుట్టూ నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరివేళ్లు నిలబడి ఉండేవి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుందని బళ్లో చెప్పలేదు, తాత చెప్పాడు. నల్లమడ ఆకు తుంచి నాకమనేవాడు. ఉప్పగా ఉండేది. తాగిన ఉప్పునీళ్లలో ఉప్పుని చెట్టు ఆకు మీదికి కక్కేస్తుంది. తిల్ల చెట్టు దగ్గరికి మాత్రం చెయ్యి పోనిచ్చేవాడు కాదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని భయం. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, బారెడు ములుకులా వేలాడి, బురదలోకి నిలువునా దిగబడేది. కళ్లు నెత్తి మీదున్న చేపలు నీళ్లు వద్దని బురద మీద గెంతుతుండేవి. ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి ఒళ్లంత ఉన్న ఎర్రపీతలు వందలకొద్దీ బయటికొచ్చి ఆ పెద్ద చెయ్యి ఎత్తీ దించీ ఎవరినో పిలుస్తుండేవి. మేం దగ్గరికెళ్తే అన్నీ ఒక్కసారే కన్నాల్లోకి.

తాత వెతికేది వీటిని కాదు, మండపీతను. కన్నం చూసి లోపల పీత ఉందో లేదో, ఉంటే ఆడదో మగదో చెప్పేవాడు. కన్నం వాకిట తోడిపోసిన బురద తడిగా ఉందా, ఆరిందా, గోటి గీతలు ఎటు పోయాయి, ఇవన్నీ చూసేవాడు. కొక్కెం ఉన్న ఇనపకడ్డీ లోపలికి పోనిచ్చి, చేతికి తగిలిన కదలికను బట్టి తిప్పి లాగేవాడు. పీత వచ్చిందంటే కడ్డీని కొరుకుతూ వచ్చేది. కాలితో నొక్కి, గడ్డితాడుతో రెండు చేతులూ కట్టేసి నా పక్క బుట్టలో పడేసేవాడు. బుట్ట నిండేదాకా నా కాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేదాన్ని.

బురద చదవడం అతను నాకు నేర్పాలని నేర్పలేదు. తన పని తను చేసుకుంటుంటే పక్కనున్నాను, అంతే. ఆ అడవికి ఒక సౌలభ్యం ఉంది. రోజుకి రెండుసార్లు పోటొచ్చి రాతంతా చెరిపేస్తుంది. కాబట్టి గట్టు దిగువన కాలిగుర్తు కనబడిందంటే అది పాటు మొదలయ్యాక పడిందే. అది పాతదా కొత్తదా అని తల పట్టుకోనక్కర్లేదు. కొంగ వేళ్లు, ఉడుము తోక గీత, నక్క అడుగు. ఒకరోజు గట్టు వార నీళ్లలోకి దిగి మళ్లీ పైకెక్కిన గుండ్రటి అడుగులు చూపించాడు.

“పిల్లి. బావురుపిల్లి. గోళ్లు దిగినై చూడండి అమ్మాయిగారూ. ఇంట్లో పిల్లి నడిస్తే గోరు కనపడదు. ఇది గోరు లోపలికి పూర్తిగా ముడవదు.”

“ఎక్కడుంది తాతా?”

“మనల్ని చూస్తానే ఉండుద్ది.”

నేను చూడలేదు. ఆ సెలవుల్లోనూ, ఆ తర్వాత సెలవుల్లోనూ చూడలేదు. మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుందని, వేళ్ల మధ్య తోలు ఉంటుందని, నీళ్లలో తల ముంచి చేపను పట్టుకుంటుందని తాత చెప్పగా విన్నదే. నీటికుక్కల్ని మాత్రం చూశాను. పోటు మీద పాయకు అడ్డంగా కట్టిన వల దగ్గరికి, నీరు తీసే వేళకి సరిగ్గా మందగా వచ్చి, మంచి మంచి చేపలు ఏరుకుని, వల చించి పోయేవి. పల్లెకారులు వాటిని తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. ఊళ్లో బావురుపిల్లిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు, నీటికుక్కంటే మాత్రం ఒళ్లుమంట. మా అడవిలో జంతువుల్ని మనుషులు వాళ్ల వాళ్ల వలలను బట్టి లెక్కగట్టేవారు.

మాఘపౌర్ణమికి హంసలదీవి. ఇంటిల్లిపాదీ, ఊరు ఊరంతా. వేణుగోపాలస్వామి కల్యాణం, కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం. ఇక్కడ మునిగిన కాకి హంస అయిందని స్థలపురాణం. పిల్లలం కాకుల్ని తరిమి తరిమి నీళ్లలో ముంచాలని చూసేవాళ్లం. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజులు కూడా అవే. రాత్రిపూట వచ్చి ఇసకలో గుంట తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, తెల్లారేలోగా వెళ్లిపోతాయి. మాకు కనబడేవి చచ్చి ఒడ్డున పడ్డవే. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి. అమ్మ వాటికీ దణ్ణం పెట్టేది, కూర్మావతారమని. పక్కనే నక్క తవ్విన గుంట, చుట్టూ చినిగిన తోలుగుడ్లు. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు, అక్కడ మాత్రం ఏ తాబేలుకూ నక్క కలిసొచ్చినట్టు లేదు.

గుడివాడకు మరో పక్కనున్న కొల్లేటిలో అంతా తేలిక. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవల మీద పోయేవాళ్లం. దారి పొడుగునా పక్షులే. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, ఎవరూ వెతికి చూపక్కర్లేదు. కొల్లేటికి అవతల ఆరేడులో ఊరి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయని 1946లో చూసి లోకానికి చెప్పింది కేరళ పక్షిశాస్త్రవేత్త నీలకంఠన్. ఆ తర్వాత చేపల చెరువులు సరస్సును ముక్కలుగా కోశాయి. 1999లో అభయారణ్యమన్నారు, 2006లో గట్లు పేల్చారు. ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని టికెట్టు కొని బోటులోంచి చూడొచ్చు. బావుంటుంది కూడా. పిల్లల్ని తీసుకెళ్లాలంటే నేనూ అక్కడికే తీసుకెళ్తాను. కానీ కనబడేదాన్ని చూడ్డానికి ఎవరి సాయమూ అక్కర్లేదు కదా, అందుకేనేమో కొల్లేరు నన్ను దివిసీమంతగా పట్టుకోలేదు.

పెద్ద క్లాసులకు వచ్చేసరికి నాన్నకి బందరు బదిలీ అయింది. బందరువాళ్లకి సముద్రమంటే చరిత్ర. డచ్చివాళ్లు, కోట, 1864 ఉప్పెనలో పోయిన 30 వేల మంది. కోనేరు సెంటర్లో ఏ పెద్దాయన్ని కదిపినా ఇవి చెప్తాడు. ఆదివారమైతే మంగినపూడిలో నల్లమట్టి ఒడ్డున స్నానం. అడవి సంగతి అక్కడా ఎవరికీ పట్టదు. అందుకే 1989లో కృష్ణా ముఖద్వారం మడ అడవుల్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారని పేపర్లో చిన్న వార్త వచ్చినప్పుడు మా ఇంట్లో తప్ప ఎక్కడా చర్చ జరగలేదు. దాదాపు 195 చదరపు కిలోమీటర్లు, కృష్ణా గుంటూరు జిల్లాలు కలిపి. నాకు సంతోషమేసింది. మావయ్య మాత్రం “ఇక పీతకి కూడా పర్మిషను అడగాలి” అన్నాడు. ఇద్దరి మాటా నిజమే అయింది. నరకడం తగ్గింది. 1990ల చివరి నుంచి స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి చచ్చిపోయిన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటునీరు ఎక్కించి, మళ్లీ మొక్కలు పెంచారు. అదే కాలంలో తాత లాంటి వాళ్లు తరతరాలుగా తిరిగిన పాయల్లో తిరగడానికి జంకడం మొదలుపెట్టారు. అడవిని ఎవరి నుంచి కాపాడాలన్న లెక్కలో, దాన్ని ఎక్కువ తిన్నవాడికీ ఎక్కువ తెలిసినవాడికీ తేడా చూసే ఓపిక ఏ కాగితానికీ ఉండదు.

అసలు తిన్నది రొయ్యల చెరువు. 1990ల మొదట్లో దివిసీమ వరిచేలు, చౌడుభూములు, మడ అంచులు రాత్రికి రాత్రే చెరువులయ్యాయి. డబ్బు కళ్లజూసినవాళ్లు మేడలు కట్టారు. 1994-95లో తెల్లమచ్చ తెగులొచ్చి చాలామంది ఆ మేడలే అమ్ముకున్నారు. చెరువులు మాత్రం పోలేదు. ఏదో ఒక రొయ్యతోనో చేపతోనో మళ్లీ నిండాయి.

ఈ మధ్య డల్లాస్ నుంచి వచ్చిన అన్నయ్య పిల్లల్ని తీసుకుని వెళ్లాను. సొర్లగొంది వైపు తాబేలు గుడ్లను ఏరి కంచెలోపల ఇసకలో పాతిపెట్టి, 50 రోజులు అటూ ఇటూగా పొదిగాక పిల్లల్ని సముద్రంలోకి వదిలే కేంద్రాలున్నాయి. కాపలా ఉన్నవాళ్లలో యానాదులూ ఉన్నారు, ఆ పని వాళ్లకు ఇవ్వడం అటవీ శాఖ చేసిన మంచి పనుల్లో ఒకటి. గుల్లలమోదలో క్షిపణి పరీక్షల కేంద్రమంటున్నారు, బందరులో 2023 నుంచి పోర్టు పనులు. బావురుపిల్లి ఇప్పుడు పేరున్న జంతువు. బెంగాల్లో దాన్ని రాష్ట్ర జంతువు చేసుకున్నారు. ఇక్కడా చెట్లకు కెమెరాలు కట్టి రాత్రిపూట ఫోటోలు తీశారు. నా జీవితంలో దాని మొహం మొదటిసారి చూసింది అలాంటి ఫోటోలోనే. చిన్న చెవులు, చప్పిడి ముక్కు, నుదుటి మీద గీతలు. మా మేనల్లుడు ఫోనులో ఆ బొమ్మ చూసి, ఇది ఎన్నింటికి వస్తుందని పడవతన్ని అడిగాడు. అతను నవ్వి ఇంజను వేగం పెంచాడు. మధ్యాహ్నం, నిండు పోటు. పిల్లలకు రెండు లకుముకి పిట్టలు, బోలెడు ఆకులు కనబడ్డాయి. పాటు దాకా ఆగుదామన్నాను గానీ విజయవాడలో ఫ్లైటుంది.

తిరిగొస్తూ నాగాయలంకలో మావయ్య దగ్గర ఆగాం. ఎనభై దాటినా చెవులు బానే పనిచేస్తున్నాయి. తాత సంగతి అడిగాను. అడవి మానుకున్నాక ఆఖరి ఏళ్లు ఒకరి రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉన్నాడట. మనుషుల దొంగతనం కన్నా బావురుపిల్లి, నీటికుక్కల బెడదే ఎక్కువ. టార్చిలైటు, రేకుడబ్బా ఇచ్చి, అవి గట్టెక్కితే తరమడం ఉద్యోగం.

“తరిమేవాడా?” అన్నాను.

“ఏమో. ఓనరు వాణ్ణి రెండు మూడుసార్లు మాన్పించి మళ్లీ పెట్టుకున్నాడు” అన్నాడు మావయ్య. “చెరువులో సరుకు తగ్గుతుందని ఒకటే గొడవ. పిల్లి ఎటొచ్చి ఎటు పోయిందో తెల్లారి కాలిగుర్తులతో సహా చూపించేవాడంట. ఓనరుకి అదే ఒళ్లుమంట.”

“మరి మళ్లీ ఎందుకు పెట్టుకున్నట్టు?”

“ఇంకెవడికి తెలుసే, అది ఎటొచ్చిందో?”